మెడలోని గడ్డ ఏ నాడిది?



మెడ పక్కన నొప్పి లేకుండా ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే గడ్డ నాడీ కణితి కావచ్చు. వీటిలో తరచుగా కనిపించేది ష్వానోమా. నాడికి తొడుగు అల్లే ష్వాన్ కణాల నుంచి పుడుతుంది, క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. రోగికి ముప్పు ఎక్కువగా అది పుట్టిన నాడి దెబ్బతినడం వల్లే. అందుకే ష్వానోమా అని పేరు పెట్టి ఊరుకుంటే చాలదు. అది ఏ నాడిదో ఆపరేషన్‌కు ముందే తేల్చాలి.

వేళ్లతో పట్టి చూస్తే గడ్డ అటూ ఇటూ కదులుతుంది, పైకీ కిందికీ కదలదు. రక్తనాళాలు నిండిన కెరోటిడ్ బాడీ కణితి కూడా ఇలాగే కదులుతుంది కనుక ఈ ఒక్క గుర్తునే నమ్ముకోకూడదు. నొక్కగానే పొడి దగ్గు తెరలుగా వస్తే వేగస్ నాడిని గట్టిగా అనుమానించాలి. గడ్డ ఉన్న వైపు కనురెప్ప వాలి, కంటిపాప చిన్నదై ఉంటే సింపథెటిక్ నాడుల గొలుసు దెబ్బతిన్నట్టు. చాలామందిలో ఇవేవీ ఉండవు. అయినా చెయ్యి గడ్డ మీద ఉన్నంతసేపూ చూపు రోగి ముఖం మీదే ఉండాలి.

ఎంఆర్ఐలో కణితి పరిమాణం కన్నా అది రక్తనాళాలను ఎటు నెట్టిందన్నదే ఎక్కువ చెబుతుంది. వేగస్ నాడి కెరోటిడ్ ధమనికీ జుగ్యులర్ సిరకూ నడుమ సాగుతుంది. దాని కణితి ఆ రెంటినీ విడదీస్తుంది. వెనకనున్న సింపథెటిక్ గొలుసు కణితి రెంటినీ కలిపి ముందుకు తోస్తుంది. జపాన్‌కు చెందిన ఫురుకావా బృందం 1996లో వివరించిన ఈ తేడా నేటికీ మంచి ఆధారం, మినహాయింపులు ఉన్నా సరే. కెరోటిడ్ బాడీ కణితి అయితే లోపలి, బయటి కెరోటిడ్ ధమనుల చీలికలో కూర్చుని వాటిని ఎడం చేస్తుంది. కాంట్రాస్ట్ ఇస్తే బాగా వెలుగుతుంది.

అది రక్తనాళాలు నిండిన కణితి కాదని స్కాన్‌లో చూసుకోకుండా సూది గుచ్చకూడదు. ష్వానోమాలో సూదితో కణాలు తీసే ఎఫ్ఎన్ఏసీకి చాలినన్ని కణాలు రాక ఫలితం తరచూ తేలదు. సూది తగలగానే షాక్ కొట్టినట్టు నొప్పి చేతిలోకి పాకిందని రోగి అంటే, ఆ మాటే చేతికి వెళ్లే నాడుల అల్లికను, అంటే బ్రేకియల్ ప్లెక్సస్‌ను సూచిస్తుంది. కోసి ముక్క తీసే బయాప్సీ జోలికి మాత్రం పోకూడదు. నాడి తెగవచ్చు, మచ్చ కట్టి తర్వాతి ఆపరేషన్ కష్టమవుతుంది.

వేగస్ అనుమానం ఉంటే లారింగోస్కోపీతో స్వరతంతువుల కదలికను ముందే చూసి రాసి ఉంచాలి. తొడుగు చీల్చి, నాడి పోగులు మిగిల్చి కణితిని తీసినా గొంతు బొంగురుపోవచ్చనీ, మింగడం ఇబ్బంది కావచ్చనీ రోగికి ముందే చెప్పాలి. అది విన్నాక, బాధపెట్టని చిన్న కణితి ఉన్న వృద్ధులు ఆపరేషన్ వద్దంటే, అప్పుడప్పుడూ స్కాన్ తీస్తూ కనిపెట్టి ఉండటమూ సరైన వైద్యమే.