షాంపూ ప్యాకెట్టుకు బదులు కుంకుడు సంచి

పంట కాలువ తూము దగ్గర, చెరువు రేవులో, పెంటకుప్పలో ఎక్కడ చూసినా షాంపూ ప్యాకెట్లే. రూపాయి ప్యాకెట్టు నురగ పది నిమిషాల్లో పోతుంది, కవరు మాత్రం ఏళ్ల తరబడి మట్టిలో అలాగే ఉంటుంది. రెండు మూడు రకాల పొరలు అతికించి చేసింది కాబట్టి పాత సామాన్లవాళ్లు కూడా కొనరు. కొందరు నీళ్ల పొయ్యిలో వేసేస్తారు. ఆ పొగ పీల్చేది ఇంట్లోవాళ్లే. ప్లాస్టిక్ పుల్లలున్న చెవి దూదిని 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు గానీ, షాంపూ ప్యాకెట్టు ఆ జాబితాలో లేదు.

మరి కుంకుడుకాయ ఎందుకు వెనకబడింది? కాయలు కొట్టాలి, నానబెట్టాలి, పిసకాలి, వడకట్టాలి. కంట్లో పడితే మంట. మిగిలిన రసం రెండో రోజుకే పులిసి వాసన కొడుతుంది. బడికెళ్లే పిల్లకు తల రుద్దాలంటే ఏ తల్లికి ఇంత తీరిక? ఈ ఇబ్బంది తీర్చకుండా 'పాతకాలం పద్ధతే మేలు' అంటే ఎవరూ వినరు.

పొడి చేసి అమ్మడం చాలామందికి తోచే ఆలోచన. కానీ కుంకుడు పొడి గాలిలోని తేమను లాగేస్తుంది. కాగితం పొట్లంలో పెడితే వానాకాలంలో గడ్డకడుతుంది. గడ్డకట్టకుండా ప్లాస్టిక్ కవరులో పోస్తే కథ మళ్లీ మొదటికే! పొడి చేసుకునేవారు మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసుకోవాలి.

అంతకంటే తేలిక, తొక్కల సంచి. బాగా పండి, ముడతలు పడిన కాయలను గింజ గలగలలాడే దాకా ఎండబెట్టండి. కొట్టి గింజ తీసేయండి. కాయ తూకంలో సగానికి కాస్త తక్కువ గింజే పోతుంది, లెక్క వేసుకునేటప్పుడు ఇది మరవొద్దు. తొక్కలను మరో రెండు రోజులు ఎండనివ్వాలి. పాత నూలు పంచె గుడ్డతో అరచేతిలో పట్టేంత సంచి కుట్టి, ఆరేడు కాయల తొక్కలు వేసి మూతి కట్టేయాలి. దారం కూడా నూలుదే వాడండి. మిషను దారాల్లో పాలిస్టరువే ఎక్కువ, అవి మట్టిలో కుళ్లవు.

చెంబెడు వేడినీళ్లలో సంచిని పావుగంట ఉంచి పిసికితే చాలు, వడకట్టే పని లేదు, తలలో నలుసులుండవు. నీళ్లు గోరువెచ్చగా అయ్యాక కళ్లు మూసుకుని రుద్దుకోవాలి. సంచిని ఆరేస్తే ఇంకోసారి వాడుకోవచ్చు. నురగ రావడం ఆగాక తొక్కలు ఎరువు గుంతలోకి, గుడ్డ ఉతుక్కుని మళ్లీ సంచిలోకి. షాంపూ అంత నురగ మాత్రం ఆశించొద్దు. నురగలో ఉండే సాపోనిన్లు చేపలకు విషం కాబట్టి ఈ నీళ్లు చేపల చెరువులోకి పోకుండా చూడండి, చెట్ల పాదుల్లోకి కూడా నేరుగా వదలకండి.

ఒళ్లు రుద్దుకునే నైలాను పీచు బదులు పెరట్లో రెండు నేతిబీర పాదులు చాలు. కూరకు కోయకుండా నాలుగైదు కాయలు తీగ మీదే ఎండనిచ్చి, నానబెట్టి తోలు తీస్తే పీచు వస్తుంది. రాలిన గింజలు వచ్చే ఏటి విత్తనం.

మహిళా సంఘాలవారు అమ్మకానికి దిగేముందు ఒక మాట. ఉత్త కాయలు అమ్ముకోవడం వేరు, తల రుద్దుకునే సరుకుగా పేరు పెట్టి అమ్మడం వేరు. రెండోదానికి కాస్మెటిక్స్ నిబంధనలు, 2020 ప్రకారం లైసెన్సు కావాలి. ఏజెన్సీలోనైతే గిరిజన సహకార సంస్థ కుంకుడుకాయలు కొంటుంది. సంతలో తెగనమ్మే ముందు అక్కడి ధర కూడా కనుక్కోండి.