అడుగు తడబడక ముందే

మహాభారతం ఆశ్రమవాస పర్వంలో ఒక హృద్యమైన దృశ్యం ఉంది. వృద్ధుడైన ధృతరాష్ట్రుడు హస్తినాపురాన్ని వీడి అరణ్యానికి బయలుదేరుతాడు. ముందు కుంతి నడుస్తుంది. కళ్ళకు గంతలు కట్టుకొన్న గాంధారి ఆమె భుజంపై చేయి వేసి నడుస్తుంది. చూపులేని రాజు గాంధారి భుజాన్ని ఆసరాగా చేసుకొని వెంట సాగుతాడు. ముగ్గురూ వయసు మళ్ళినవారే. వారిని ఎవరూ మోసుకొనిపోలేదు. కదలవద్దని ఒక మూల కూర్చోబెట్టనూ లేదు. తమ కాళ్ళతో తామే నడిచారు. వారికి కావలసిన ఆసరా మాత్రం లభించింది. ఇంటి పెద్దలను కాపాడుకోవడంలో నేటి కుటుంబాలు గ్రహించవలసిన సత్యం ఈ దృశ్యంలోనే ఉంది.

వార్ధక్యం వ్యాధి కాదు. జీవితంలో సహజమైన దశ. ఆయుర్వేదం తన ఎనిమిది అంగాలలో ఒకదానిని జరాచికిత్సకే కేటాయించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు పైబడినవారు 10 కోట్లకు మించి ఉన్నారు. ఉమ్మడి కుటుంబాలు తగ్గిపోయాయి. ఉద్యోగాల కోసం పిల్లలు నగరాలకో విదేశాలకో తరలిపోగా, పగలంతా ఒంటరిగా గడిపే పెద్దలు పెరిగారు. వారిని పొంచి ఉన్న ప్రమాదాలలో అతి సామాన్యంగా కనిపించేది, నిజానికి అతి తీవ్రమైనది, ఇంట్లో జారిపడటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించిన అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది మరణిస్తున్నారు. ప్రమాద మరణాలలో రహదారి ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఇలా ప్రాణాలు కోల్పోతున్నవారిలో అరవై దాటినవారే అధికులు.

పసిబిడ్డ పడితే లేచి మళ్ళీ పరుగెత్తుతుంది. వయోవృద్ధుల విషయం వేరు. వయసుతోపాటు ఎముకలు గుల్లబారతాయి. స్వల్పమైన దెబ్బకే తుంటి ఎముక విరగవచ్చు. శస్త్రచికిత్స తరువాత దీర్ఘకాలం మంచాన పడితే కండరాలు క్షీణిస్తాయి. ఒంటిమీద పుండ్లు పడతాయి. ఊపిరితిత్తులకు జబ్బు సోకుతుంది. అంతవరకు తన పని తాను చేసుకొన్న మనిషి ప్రతి చిన్న అవసరానికీ ఇతరులపై ఆధారపడవలసి వస్తుంది.

శరీరానికి తగిలిన దెబ్బకంటే మనసుకు తగిలిన దెబ్బ ఒక్కొక్కసారి పెద్దది. ఒక ఇంటిని ఊహించుకొందాం. తెల్లవారుజామున నాయనమ్మ పెరట్లో కాలు జారి పడింది. మోచేయి గీసుకుపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే గుడికి వెళ్ళవద్దంటారని, ముగ్గు వేయవద్దంటారని భయం. నాలుగు రోజులకు కోడలు గాయాన్ని చూసింది. ఆ రోజునుంచి ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట: “మీరు కదలకండి, కూర్చోండి.” ఆ మాటలో ప్రేమ ఉంది, కాని ప్రమాదమూ ఉంది. నడక తగ్గితే కాళ్ళలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే అడుగు తడబడుతుంది. తడబాటు భయాన్ని, భయం కదలికలేమిని పెంచుతాయి. ఈ విషవలయంలో చిక్కిన పెద్దలు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ. కనుక కూర్చోబెట్టడం రక్షణ కాదు. భయం లేకుండా నడవగలిగేటట్లు చేయడమే రక్షణ.

పడిపోవడానికి కారణాలు కొన్ని దేహంలో ఉంటాయి. కంటిలో శుక్లాలు ఏర్పడితే మెట్టు అంచు కనిపించదు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గితే నేల తీరు తెలియదు. పడుకొన్నవారు చటుక్కున లేచినప్పుడు రక్తపోటు పడిపోయి తల తిరగవచ్చు. నిద్రమాత్రలు, రక్తపోటుకు వాడే కొన్ని మందులు ఈ తూలుడును పెంచుతాయి. కొన్ని కారణాలు ఇంట్లో ఉంటాయి. తడిసిన స్నానాలగది, తలంటిన తరువాత నేలపై మిగిలిన నూనె, నున్నటి పాలరాయి, ముడతపడిన పట్టా, దారికి అడ్డంగా పాకిన విద్యుత్తు తీగ, అరిగిపోయిన చెప్పులు, పాదాలకు అడ్డుపడే చీర కుచ్చిళ్ళు, జారిన పంచె అంచు, అటకమీది డబ్బా కోసం ఎక్కిన ఊగే ఎత్తుపీట - ఇవన్నీ ప్రమాద హేతువులే. రాత్రివేళ మూత్రవిసర్జనకు చీకట్లో తడుముకొంటూ వెళ్ళడం మరీ ప్రమాదకరం.

కారణాలు తెలిస్తే నివారణ కష్టం కాదు. మంచం నుంచి స్నానాలగది వరకు రాత్రంతా ఒక చిన్న దీపం వెలగాలి. మరుగుదొడ్డి పక్కన, స్నానం చేసే చోట గోడకు గట్టి పట్టుకమ్మీలు బిగించాలి. తువ్వాళ్ళు ఆరవేసే కమ్మీ మనిషి బరువును మోయలేదు. నేలపై నీరు నిలవకుండా చూడాలి. కూర్చొని స్నానం చేయడానికి కదలని పీట అమర్చాలి. మెట్లకు చేతికమ్మీ ఉండాలి. మెట్ల అంచులకు వేరే రంగు పూయాలి. మన ఇళ్ళలో గడపకు పసుపు పూసే ఆచారం ఉంది. ఆ రంగు మసక వెలుతురులోనూ గడపను కంటికి చూపుతుంది. నిత్యం వాడే వస్తువులను చేతికందే ఎత్తులో ఉంచితే ఎత్తుపీట ఎక్కే అవసరమే రాదు.

ఇంటిని సరిదిద్దినంతమాత్రాన చాలదు, దేహాన్నీ దృఢపరచాలి. సమతౌల్యాన్ని, కాళ్ళ బలాన్ని పెంచే వ్యాయామం వల్ల పెద్దలు పడిపోవడం సుమారు 23 శాతం తగ్గుతుందని 2019లో వెలువడిన ఒక పరిశోధన సమీక్ష నిరూపించింది. ఇందుకు వ్యాయామశాలకు వెళ్ళనక్కరలేదు. కుర్చీలో కూర్చొని చేతుల సాయం లేకుండా లేవడం, గోడ పట్టుకొని మడమలు పైకెత్తడం, రోజూ కొంతదూరం నడవడం వంటివి వైద్యుని సలహాతో ఇంట్లోనే చేయవచ్చు. నిద్ర లేచినవారు మంచం అంచున కొద్దిసేపు కూర్చొని, ఆపైన నిలబడాలి. ఏటా కంటిపరీక్ష చేయించాలి. వాడుతున్న మందులన్నిటినీ ఒక్కసారి వైద్యునికి చూపాలి, సొంతంగా మానరాదు. పాలు, రాగులు వంటి ఆహారం ఎముకలకు మేలు చేస్తుంది. చేతికర్ర పట్టడం చిన్నతనమని భావించకూడదు.

ఎంత జాగ్రత్త వహించినా ఒకవేళ పడితే, వెంటనే రెక్క పట్టి లేవనెత్తరాదు. తుంటి వద్ద తీవ్రమైన నొప్పి ఉన్నా, కాలు కదపలేకపోయినా, తలకు దెబ్బ తగిలినా కదపకుండా 108కి ఫోను చేయాలి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. చిన్నగా పడినా దాచవద్దని పెద్దలకు ముందే నచ్చజెప్పాలి. అలా చెప్పుకోగలిగే చనువు ఇంట్లో ఉండాలి. మందలింపు ఎదురయ్యే చోట నిజం బయటికి రాదు.

తల్లిదండ్రుల పోషణ బాధ్యతను గుర్తుచేస్తూ మన దేశంలో 2007లో ఒక చట్టం వచ్చింది. చట్టం పోషణను విధించగలదు. రాత్రివేళ దీపం వెలిగించి ఉంచే శ్రద్ధను విధించలేదు. ఆ శ్రద్ధ ఇంటిలోని పిన్నలనుంచి రావాలి. నేటి విద్యార్థి కళాశాల నుంచి వెళ్ళగానే తాతయ్య, అమ్మమ్మ నడిచే దారిని ఒక్కసారి వారి కళ్ళతో పరిశీలించాలి. అడ్డుగా ఉన్న తీగను తొలగించాలి. సాయంత్రం వారితో పది నిమిషాలు నడవాలి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం వివేకం కాదు. మనకు తొలి అడుగు నేర్పిన చేతులవి. ఆ చేతులకు నేడు మన భుజం కరావలంబం కావాలి.

అభ్యాసం

1. ‘కూర్చోబెట్టడం రక్షణ కాదు’ అనే భావాన్ని పాఠ్యాంశం ఆధారంగా వివరించండి.
2. పెద్దలు ఇంట్లో జారిపడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను సంగ్రహంగా రాయండి.
3. మీ ఇంటిని పరిశీలించి, పెద్దలకు ప్రమాదం కలిగించగల అంశాలను, వాటి సవరణలను పట్టిక రూపంలో రాయండి.
4. విడదీసి సంధి పేరు తెలపండి: కరావలంబం, వయోవృద్ధులు.