సింధు విజేత సర్ చార్లెస్ నేపియర్

దేశమును జయించుట యొక విద్య. జయించిన దేశమును పాలించుట మఱియొక విద్య. మొదటి దెఱిగినవారు చరిత్రమున పెక్కురు కలరు. రెండును ఎఱిగినవారు అరుదు. అయితే ఈ రెంటికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: జయించుటకు హక్కెక్కడిది? ఈ మూడింటిని గూర్చి యోచించుటకు సర్ చార్లెస్ నేపియర్ చరిత్రము విద్యార్థులకు మిక్కిలి యుపయోగించును.

నేపియర్ 1782లో లండను నగరమున జన్మించెను. బాల్యముననే సైన్యమున జేరి, 1809లో స్పెయిన్ దేశమందలి కొరునా యుద్ధమున తీవ్రముగా గాయపడి ఫ్రెంచివారికి చిక్కెను. తరువాత గ్రీసునకు పడమటనున్న సెఫలోనియా ద్వీపమును పాలించి, అచ్చట చక్కని బాటలు వేయించెను. 1839లో ఉత్తర ఇంగ్లండు సేనకు అధిపతియై, హక్కులకై ఆందోళన చేయుచున్న చార్టిస్టు కార్మికులను అదుపులో నుంచుటకు నియుక్తుడయ్యెను. కాని వారి దారిద్ర్యమునకు జాలిపడి, తన యధికారప్రాంతమున రక్తపాతము జరుగకుండ మిక్కిలి జాగరూకుడై యుండెను.

నేడు పాకిస్తానులో నున్న సింధును ఆ కాలమున తాల్పూరు వంశపు మీరులు పాలించుచుండిరి. హైదరాబాదు, ఖైర్పూరు, మీర్పూరు వారి ముఖ్యస్థానములు. ఈ హైదరాబాదు సింధుదేశము లోనిదే గాని మన మూసీతీరపు నగరము కాదు. 1842 ఆరంభమున కాబూలునుండి మరలి వచ్చుచున్న ఆంగ్లసేన నాశనమయ్యెను. పోయిన ప్రతిష్ఠను మరల నిలుపవలెననియు, సింధునదీ మార్గమును వశపఱచుకొనవలెననియు కోరి, గవర్నరు జనరలగు ఎలెన్‌బరో ప్రభువు ఆ సంవత్సరమే అఱువదియేండ్ల నేపియర్‌ను సింధునకు పంపెను. మీరులు కొంత భూమిని, నాణెములు ముద్రించు హక్కును విడువవలెనని క్రొత్త సంధి విధింపబడెను.

1843 జనవరిలో నేపియర్, ఒంటెకు ఇద్దరి చొప్పున 350 మంది పదాతుల నెక్కించి, కొంత గుఱ్ఱపుదళముతో ఎడారిని దాటి ఇమాంగఢ్ కోటను చేరెను. కోట నిర్జనమై యుండగా దానిని మందుగుండుతో కూల్చివైచెను. ఫిబ్రవరి 15న బలూచీలు హైదరాబాదులోని ఆంగ్ల రెసిడెన్సీపై బడిరి. 17వ తేదీని మియానీ యొద్ద ఘోరయుద్ధము జరిగెను. నేపియర్ సేన సుమారు 2,800. ఎదుటిసేన అంతకు అనేక రెట్లు. ఫిరంగులును, కవాతు నేర్చిన సేనయు గెలిచెను. ఖడ్గధారులగు బలూచీల శౌర్యము ఓడెను. మార్చి 24న దబ్బో యొద్ద మీర్ షేర్ మహమ్మదు కూడ పరాజితుడయ్యెను. ఆనాడు ప్రాణములర్పించిన హోష్ మహమ్మదు షీదీని సింధువాసు లిప్పటికిని వీరుడని స్మరింతురు.

పిమ్మట నేపియర్ 1847 వఱకు గవర్నరుగా నుండెను. రాజధానిని కరాచీకి మార్చి, దేశమును కరాచీ, హైదరాబాదు, షికార్పూరు అను మూడు జిల్లాలుగా విభజించెను. ఐర్లండు మాదిరిని, సైన్యమునకు వేఱుగా పోలీసుదళము నేర్పఱచెను. తరువాత ఇతర రాష్ట్రములు దీనిని అనుసరించెను. కరాచీ రేవునకు కట్ట కట్టుట యారంభించెను. 1844 మే 24న హైదరాబాదున దర్బారు జరిపి, వచ్చి సలాము చేసిన జాగీరుదారులకు వారి భూములను స్థిరపఱచెను.

ఇవి మంచిపనులే. కాని త్రాసున రెండవతట్టను గూడ చూడవలెను. మీరులు బందీలై పరదేశమునకు పంపబడిరి. రాబడికంటె సైనికవ్యయ మధికమై సింధు కంపెనీకి భారమయ్యెను. సింధును తీసికొనుటకు తమకు హక్కు లేదని నేపియరే తన దినచర్యలో వ్రాసికొనెను! అతని సహచరుడగు ఔట్రాం ఈ యుద్ధము అన్యాయమని వాదించి, తనకు వచ్చిన కొల్లసొమ్ము పాలును ధర్మకార్యములకు ఇచ్చివేసెను. “నేను పాపము చేసితిని” అను అర్థముగల లాటిను మాటతో నేపియర్ విజయవార్తను పంపెనని యొక కథ కలదు. అది నిజము కాదు. కాథరీన్ విన్క్‌వర్తు అను యువతి యోచించిన చమత్కారము 1844లో పంచ్ పత్రికలో వెలువడెను.

మనవారెఱిగిన మన్రో దొరయు సైనికుడే. అతడు 1800 మొదలు 1807 వఱకు దత్తమండలమున పల్లెపల్లెకు దిరిగి, రైతులతో వారి భాషలోనే మాటలాడెను. నేపియర్ సింధీ నేర్వలేదు. దుబాసీల నోటనే ప్రజల మాట వినెను. ఇరువురును అన్యప్రభుత్వమునకే పనిచేసిరి. అయినను ప్రజల భాష నేర్చినవానికి వారి కష్టము మఱింత దగ్గఱగా వినబడును.

నేపియర్ 1853లో మరణించెను. లండనులో ట్రఫాల్గర్ కూడలియందు అతని విగ్రహము నిలుపబడెను. విద్యార్థులారా! చరిత్ర చదువునపుడు విజేత విగ్రహమును మాత్రమే చూడకుడు. ఓడినవాని సమాధిని గూడ చూడుడు. మంచిపాలన అన్యాయపు ఆక్రమణను కొంత మఱపింపవచ్చును గాని న్యాయముగా మార్చజాలదు. ఈ సత్యమును సేనాని యెఱిగియే కత్తి నెత్తెను. మనము ఎఱిగి చరిత్రకు న్యాయము చేయుదము.