ముందు ఆగడం నేర్పు

బాలానగర్, హైదరాబాద్.

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన బొమ్మలు చూశాను. ఆసుపత్రి మంచానికి మోటారు డ్రైవు, దాని పెట్టె, చేతిలో పట్టుకునే రిమోటు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. "ఇంకా సన్నగా చేయనా మామయ్యా?" అని అడిగావు. సన్నదనం సంగతి తర్వాత చూద్దాం. మంచం కింద బిగించే ఈ వస్తువును రోగి కన్నెత్తి చూడడు. అది సరిగ్గా కదలడం ఎంత ముఖ్యమో, సరిగ్గా ఆగడం అంతకంటే ముఖ్యం.

మన దగ్గర చాలా ఫౌలర్ మంచాలను ఇప్పటికీ కాళ్ల వైపున్న హ్యాండిల్ తిప్పి లేపుతారు. మోటారు డ్రైవులోనూ పని చేసేది స్క్రూయే. 24 వోల్టుల డీసీ మోటారు, వేగం తగ్గించే వర్మ్ గేరు, పొడవాటి స్క్రూ, దాని మీద నడిచే నట్టు. ఆ స్క్రూ మరల వాలు తక్కువగా ఉంటే, కారు కింద పెట్టే జాకీలాగే, తిప్పడం మానేసినా బరువు కిందికి జారదు. కరెంటు పోయినా వీపు ఎత్తి పడుకున్న రోగి అలాగే ఉంటాడు. ఆ నిలకడ రాపిడి వల్ల వచ్చేదే కాబట్టి, అలాంటి స్క్రూకు అందిన శక్తిలో సగానికి పైగా వేడిగా పోతుంది. అందుకే ఇలాంటి చాలా డ్రైవుల మీద రెండు నిమిషాలు నడిపితే 18 నిమిషాలు విశ్రాంతి ఇమ్మని రాస్తారు. పెట్టెను బిగువుగా చేశాక ఆ వేడి ఎటు పోవాలి? రంధ్రాలు పెడదామంటే నీళ్లు దూరతాయి. కాబట్టి పూర్తి బరువు మీద నడిపించి వేడిని కొలిపించు. మందం ఎంత తగ్గించవచ్చో ఆ కొలతే చెబుతుంది.

నీళ్లంటే తడిగుడ్డ ఒక్కటే అనుకోకు. నీటి రక్షణ స్థాయిల్లో ఐపీఎక్స్4 చిందే నీటికి సరిపోతుంది. ఐపీఎక్స్6 పరీక్షలో 12.5 మిల్లీమీటర్ల గొట్టంతో నిమిషానికి 100 లీటర్ల నీళ్లు కొడతారు. వేడెక్కిన మోటారు మీద చన్నీళ్లు పడితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్లను పీల్చుకుంటుంది. నీ పెట్టె పైన గీసిన అందమైన గాడి మురికి నిలవడానికే పనికొస్తుంది, తీసెయ్. వైర్లు కిందికి దిగేలా పెట్టు. పాలీకార్బొనేట్ వాడితే స్క్రూలు బిగించే చోట జాగ్రత్త. అక్కడ ఒత్తిడి ఉంటుంది, వార్డులో తుడిచే కొన్ని రసాయనాలు తగిలితే సన్నటి పగుళ్లు పుడతాయి.

ఇక చేతులు, వేళ్లు, తలలు. మంచం దిగేటప్పుడు కింద ఎవరి కాలైనా ఉండవచ్చు. అలాంటి చోట నెట్టగలిగేదే తప్ప లాగలేని రాడ్ అడుగు. అడ్డు తగిలితే మంచం అక్కడే ఆగుతుంది, దాని బరువే తప్ప మోటారు బలం ఆ కాలి మీద పడదు. పక్క కమ్మీల మధ్య సందు 120 మిల్లీమీటర్లకు తక్కువ ఉండాలని మంచాల ప్రమాణం ఐఈసీ 60601-2-52 చెబుతుంది, తల ఇరుక్కోకుండా. వీపు భాగాన్ని నీ డ్రైవు ఎత్తినప్పుడు ఆ సందులు మారతాయి. అడుగడుగునా ఆపి కొలువు. బటన్ నొక్కి పట్టుకున్నంత సేపే కదలాలి, వదలగానే ఆగాలి. ఒక రిలే అతుక్కుపోయినా మంచం తనంతట తాను కదలకుండా రెండో స్విచ్ అడ్డుపడాలి. చీకట్లో తడిమినా పైకి ఏదో, కిందికి ఏదో వేలికి తెలియాలి. రోగి నొక్కకూడని కదలికలకు సిస్టరు దగ్గర తాళం ఉండాలి.

ఆగడంలోనే ఇంకో మెలిక ఉంది. రోగి గుండె ఆగినప్పుడు వీపు భాగం చటుక్కున చదునవ్వాలి. అప్పుడు స్క్రూ నిలకడే శత్రువవుతుంది. అందుకు చేత్తో విడిపించే మీట పెడతారు. ఆ మీటను మంచానికి రెండు వైపులా, కరెంటుతో పని లేకుండా, కొత్త నర్సుకైనా కనపడే రంగులో పెట్టు. నీ బొమ్మల్లో అది పెట్టె వెనక దాక్కుంది.

మీ కంపెనీ రిక్లైనర్లకు, ఎత్తు మార్చే బల్లలకు కూడా డ్రైవులు చేస్తుంది కదా. అక్కడ చప్పుడు తగ్గించడం, రెండు కాళ్లు సమానంగా లేవడం ముఖ్యం. ఐరోపాలో 2025 మే నుంచి అలాంటి ఫర్నిచర్‌కూ స్టాండ్‌బై కరెంటు వాడకం మీద పరిమితి వచ్చింది. చవక కదా అని ఆ డ్రైవును మంచానికి తేకు. వైద్య పరికరంలో మెయిన్స్‌కూ రోగికీ మధ్య రెండంచెల రక్షణ కావాలి, ఒకటి చెడినా రెండోది నిలవాలి.

చివరగా ఒక మాట. డై కొట్టించాక మార్పంటే ఖర్చు మాటలు కాదు. ఆ లోపే ఒక ఆసుపత్రిలో అనుమతి తీసుకుని రాత్రి డ్యూటీ చూడు. మంచం తుడిచే ఆయాను, మోకాలు తగిలించుకునే వార్డ్ బాయ్‌ని అడుగు. నమూనా వచ్చాక మొదటి పరీక్ష కరెంటు తీసేసి చెయ్యి. అందులో నెగ్గితే అప్పుడు అందం గురించి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య