కొమ్మ కొట్టు పనియు, దాని కూలియు

నకిరేకల్ ప్రాంతమున బత్తాయి, నిమ్మ తోటలు మనలో ననేకులకు జీవనాధారములు. ఇవిగాక ఇంటిముంగిట వేపయో, పొలము గట్టున చింతయో, బావికడ మామిడియో లేని రైతు అరుదు. ఈ చెట్లకు ఎరువు వేయుటయందు చూపు శ్రద్ధలో నాలుగవ వంతైనను మనము కొమ్మ కొట్టించుటయందు చూపము. గొడ్డలి యున్న ప్రతివాడును ఈ పనికి తగినవాడే యని తలంచుచున్నాము. పైగా ‘కొట్టిన కట్టె నీవే తీసికొనుము’ అని చెప్పి, కూలి తప్పినదని సంతసించుచున్నాము. ఈ ఒప్పందమే చెట్టునకును, చెట్టెక్కువానికిని చేటు తెచ్చుచున్నదని చూపుటకే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

చెట్టు గాయము

మనుష్యుని గాయము మానినట్లు చెట్టు గాయము మానదు. చెడిన భాగము చెట్టులోనే యుండిపోవును. చెట్టు దాని చుట్టును లోలోన అడ్డుగోడ కట్టుకొని, పైని క్రొత్త కొయ్యను పెంచి కప్పివేయును. అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేలకొలది మ్రాకులను కోసి పరిశీలించి 1970, 1980 దశకములలో ఈ సంగతిని విశదపరచెను. కొమ్మ మానును కలియుచోట ఉంగరమువలె ఉబ్బిన భాగము కానవచ్చును. ఆ అడ్డుగోడకు బలము అక్కడనే కలదు. కావున కోత ఆ ఉబ్బునకు వెలుపల, దానిని ఆనుకొని పడవలెను. ఉబ్బును చెక్కివేసినను తప్పే, మోడు విడిచినను తప్పే.

బరువైన కొమ్మను ఒక్క కోతతో తీయరాదు. మొదట మానునకు అడుగు దూరమున క్రిందివైపున, మందములో నాలుగవ వంతు వరకు కోయవలెను. పిదప దానికి కొంచెము ఆవల పైనుండి కోసిన కొమ్మ విరిగిపడును, బెరడు చీలదు. మిగిలిన మోడును మూడవ కోతతో ఉబ్బునకు వెలుపల తీసివేయవలెను. ఒక్క యేట పచ్చని కొమ్మలలో నాలుగవ వంతునకు మించి తీయుట చెట్టును ఆకలికి గురిచేయుటయే. ఆకే దాని వంటశాల.

ఆలస్యమైనచో చికిత్స యెంత కష్టమగునో పాలమూరు పిల్లలమర్రి వలన తెలిసికొనవచ్చును. సుమారు 700 ఏండ్ల వయస్సు గలదని చెప్పబడు ఆ మర్రిచెట్టు పెద్ద కొమ్మ 2017 డిసెంబరులో విరిగిపడగా సందర్శకులను నిలిపివేసిరి. లోన చెదలు పట్టియుండెను. మానునకు రంధ్రములు చేసి మందు పోయగా అది వెలికి కారిపోయెను. అందుచే 2018లో, రోగికి సెలైను ఎక్కించునట్లు, వందలకొలది సీసాలు వ్రేలాడగట్టి మందును బొట్టుబొట్టుగా ఎక్కించిరి; బరువైన కొమ్మలకు క్రింద దిమ్మెలు కట్టి ఆధారమిచ్చిరి. మన చింతకు, మామిడికి అంత శ్రమ పడువారు లేరు. ఏటేట ఒకసారి చెట్టు చుట్టును తిరిగి తొఱ్ఱలను, చీలికలను, చెదల మట్టిని చూచుకొనుటయే మన వైద్యము.

బత్తాయి, నిమ్మ

కాయ కోసిన పిదప ఎండుపుల్లలను, అంటునకు దిగువ మొలచు చిగుళ్లను, నిటారుగ లేచు నీటి కొమ్మలను తీయవలెను. వానలో కత్తెర పట్టరాదు. నిమ్మకు గజ్జి తెగులు తడి గాయముల గుండ వ్యాపించును. చెట్టు మారినప్పుడెల్ల కత్తెరను స్పిరిటుతో తుడువవలెను. పెద్ద కోతలకును, బంక కారు చోట చెడిన బెరడును గీచివేసిన పిమ్మటను బోర్డో ముద్ద పూయవలెను. మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు దాని పాళ్లు. రెంటిని వేఱువేఱుగ నీట కలిపి పిదప చేర్చవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. ఈ పూత గాయమును మాన్పదు, శిలీంధ్రమును అడ్డును.

పనిముట్లు, ప్రాణరక్షణ

గొడ్డలి కొట్టెలకు, కొమ్మకు రంపమే తగినది. చేతి కత్తెర, చేతి రంపము, గెడకు కట్టిన రంపము, గట్టి నిచ్చెన, రెండు తాళ్లు, తలకు హెల్మెటు, కన్నులకు అద్దములు ఉండవలెను. గీత వృత్తివారి మోకు తాటికిని, ఈతకును చక్కగ నమరును. కొమ్మలు గల చెట్టున నడుమునకును తొడలకును బిగించు పట్టాకట్టు వలయును. దాని తాడు తలకు పైనున్న బలమైన పచ్చి పంగను దాటి రావలెను. కోయునపుడు రెండవ తాడుకూడ కట్టుకొనవలెను. గీత వృత్తివారికి తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో ‘కాటమయ్య రక్ష’ పేర రక్షణ పరికరముల పంపిణీ నారంభించెను. తాటి నెక్కువానికి అవసరమైన రక్షణ చింత నెక్కువానికి అక్కరలేదా?

ఒంటరిగా ఎక్కరాదు. క్రింద నొకడు పైకి చూచుచు, కొమ్మ పడు చోటికి ఎవ్వరిని రానీయకుండవలెను. గాలివానలో ఎక్కరాదు. ఎండుకొమ్మపై కాలు మోపరాదు. తేనెపట్టు కలదేమో ముందే చూడవలెను. యంత్రపు రంపమును నిచ్చెనపై నిలిచి గాని, ఒంటిచేత గాని, భుజములకు మించిన యెత్తున గాని వాడరాదు. విద్యుత్తు తీగ చేరువనున్నచో పచ్చికొమ్మయే తీగ యగును. లైనుమనుతో చెప్పి సరఫరా నిలిపివేయించి, నిలిచినదని అతడు చెప్పినగాని కత్తి ఎత్తరాదు. చెట్టును మొదలంట తీయదలచినచో 2002 నాటి వాల్టా చట్టము ననుసరించి అనుమతి విషయమును ముందే విచారించుకొనవలెను.

వెల కట్టు విధము

కట్టెయే కూలి యైనచో కొట్టువాని చూపు ఎండుపుల్లపై నుండదు, లావైన పచ్చికొమ్మపై నుండును. తాడునకును, రెండవ మనిషికిని అందులో సొమ్ము రాదు గనుక అతడు ఒంటరిగ, తాడు లేక ఎక్కును. ఇందు అతని దోషముకన్న మన ఒప్పందపు దోషమే హెచ్చు.

లెక్క ఇట్లు వేయవలెను. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఎక్కువానికి 1,200 రూపాయలు, క్రింది యిద్దఱికి 1,400, బండికి 300. పనిముట్ల ఖరీదు 12,000 అయి 120 పనిదినములు మన్నినచో దినమునకు అరుగుదల 100. మొత్తము 3,000. ప్రమాద భీమాకును, ఎదురుచూడని ఖర్చునకును పదవ వంతు, అనగా 300 చేర్చగా 3,300 అగును. కట్టె యజమానిదే. పనివాడు కోరినచో తూచి, దాని వెలను వేఱుగ తగ్గించవలెను. ఏ కొమ్మలు తీయవలెనో ముందే సున్నపు గుర్తు పెట్టి చూపినచో తగవు రాదు.

ఒక్కొక్క రైతు ఈ పనిముట్లన్నియు కొనుట కష్టము. పది పదునైదు కుటుంబములు కలిసి ఒక జత కొని, అరుగుదల మాత్రము వసూలు చేసికొని వాడుకొనినచో భారము తేలికపడును; నేర్చిన యువకునకు ఏడాదిలో చాల దినములు పని దొరకును. తాడును ప్రతి పనికి ముందు అంగుళమంగుళము తడిమి చూచుట మాత్రము మఱవరాదు. కొమ్మ మరల చిగురించును. పడినవాని ఇల్లు మరల చిగురింపదు.