ఆ మైకు గొంతు నీకెందుకే

చిట్టితల్లికి,



నీ ఉత్తరం ఆదివారం గుడినుంచి వచ్చాక చదివాను. "నాకు వాక్యం సరిగా రాదు, ఎవరైనా ఎదురడిగితే నోరు పెగలదు, నేనెవరికేం చెప్పగలను" అని రాశావే, అక్కడే ఆగిపోయాను. నైట్ డ్యూటీ చేసొచ్చి కూడా మోకరిస్తావెందుకని నీ గదిలో పిల్ల అడిగితే, "ఏదో అలవాటు" అని దుప్పటి కప్పుకున్నావట. రాత్రంతా నిలబడే ఉద్యోగం, కాళ్లు వాచి ఉంటాయి. కోప్పడను. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసుకుని కాళ్లు పెట్టుకుంటున్నావా?

నీ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మైకుల నుంచి. ఉజ్జీవ కూటాల్లో ఆ గొంతులు, ఆ కీబోర్డు, అధ్యాయం వచనం గడగడా అప్పజెప్పడం చూసి, సువార్త చెప్పడమంటే అదేననుకున్నావు. మన పేటలో ఇంటి ప్రార్థనకు కూడా సౌండు బాక్సులు పెడుతున్నారిప్పుడు. పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలున్నా, జబ్బు మనిషున్నా తగ్గించరు. పాస్టరుగారికి చెప్పాను, సంఘపెద్దలకు చెప్పాను, మళ్లీ చెబుతాను. ఎదుటివాళ్లు ఏమడుగుతున్నారో మైకుకు వినబడదు తల్లీ. నీకు వినబడింది.

గుండ్లకమ్మ ఏట్లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని సండేస్కూల్లో నేర్చుకున్నావు. ఆ అంకె అందరికీ వచ్చు. అంతకు ఏళ్ల ముందే, తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ సువార్త విన్న యెర్రగుంట్ల పేరయ్య సంగతి ఎందరికి గుర్తుంది? ఏ సెమినరీలోనూ చదవని మనిషి. తన మాదిగ చుట్టాలకు, ఊరివాళ్లకు తాను విన్నది చెప్పుకున్నాడు. 1867లో మిషనరీ క్లౌ దొరగారు పేరయ్య పల్లెకు వెళ్లేసరికే జనం ఎదురుచూస్తున్నారు.

ఆ 2,222 మంది బాప్తిస్మానికి ముందు వచ్చిన కరువులో ఆ దొరగారే బకింగ్‌హాం కాలువ తవ్వకం మూడున్నర మైళ్లు కాంట్రాక్టు పట్టి జనానికి కూలి చూపించారు. ఆ రోజుల్లో ఎవరడిగినా బాప్తిస్మం మాత్రం ఇవ్వలేదు, కూలి కోసం కలిశారన్న మాట రాకూడదని. నర్సువి, ఇది మనసులో పెట్టుకో. మంచం మీద పడున్న రోగి నిన్ను వద్దనలేడు. అతను అడగందే నువ్వు చెప్పొద్దు. సూది మెల్లగా వెయ్యి, చాలు. గదిలో పిల్ల సంగతి వేరు, తనే నోరు తెరిచి అడిగింది.

మా మేనత్త బైబిలు స్త్రీగా ఇంటింటికీ సువార్త చెబుతూ తిరిగేటప్పుడు సెలవుల్లో వెంట వెళ్లేదాన్ని. ఏ వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తుంటే అక్కడ కూర్చుని తనూ తీసేది. సాయంత్రానికి చేతులు భగభగ మండేవి, కొబ్బరినూనె రాసుకుని ఇద్దరం ఏడుపు మొహాలతో ఇంటికి నడిచేవాళ్లం. బస్సు ఛార్జీకి డబ్బులుండేవి కావు. ఎప్పుడో ఒకామె, "కొడుకు పోయినా మళ్లీ ఎట్టా లేచావమ్మా?" అని అడిగేది. అత్త పని ఆపకుండానే చెప్పేది, ఆ రాత్రి ఎలా ప్రార్థించిందో, తెల్లారి ఎలా పొయ్యి రాజేసిందో. అంతే. అత్తకు గొంతు కూడా సరిగా ఉండేది కాదు.

మీ నాన్న పోయిన ఏడు నువ్వెలా నిలబడ్డావో నాకు తెలుసు బంగారూ. ఆ పిల్లకు అది చెప్పు, నాతో ఫోనులో మాట్లాడే గొంతుతోనే చెప్పు. రానిది అడిగితే రాదను. యోహాను సువార్తలో చూపు వచ్చిన గుడ్డివాడు అంతమంది పండితుల ముందు తెలియనిది తెలియదనే అన్నాడు. ఆ పిల్ల నవ్వినా, మాట మార్చినా నొచ్చుకోవద్దు, స్నేహం తగ్గించొద్దు. నీ కోపం, నీ గొడవలు చూసిన పిల్లే అంటావేమో. చూసే అడిగింది కదే!

వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదని రాశావు. ముందు ఆమెకెలా ఉందో కనుక్కుని నాకు రాయి. పేరు కూడా రాయి, ప్రార్థనలో పెట్టుకుంటాను.

మీ అమ్మమ్మ