మింజూరు పాఠం: తోడే కొద్దీ ఉప్పెక్కే బావులు

తీరప్రాంత బావుల్లో నీటి పరిమాణాన్ని, నాణ్యతను విడదీసి చూడలేం. చెన్నైకి ఉత్తరాన ఉన్న మింజూరు ఇందుకు ఉదాహరణ. మన ఆంధ్రప్రదేశ్‌లోని పిచ్చాటూరు మీదుగా తమిళనాడు చేరే ఆరణి, దాని పొరుగునున్న కొసస్థలై నదుల ఇసుక పొరల నుంచి నగరానికి, పరిశ్రమలకు, సాగుకు దశాబ్దాల పాటు నీరు తోడారు. భూగర్భ జలమట్టం సముద్రమట్టం కన్నా కిందికి దిగజారింది. ఉప్పునీరు లోపలికి చొచ్చుకొచ్చింది.

ఇక్కడ గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రాన్ని తప్పక గుర్తుంచుకోండి. మంచినీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.000 గ్రాము, సముద్రపు నీటిది 1.025. కాబట్టి సముద్రమట్టానికి పైన 1 మీటరు మంచినీరు నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. పైన ఒక్క మీటరు తగ్గితే కింద పోయేది 40 మీటర్లు! ఎంత నీరు ఉందన్నది కాదు, ఎంత తోడవచ్చన్నదే అసలు ప్రశ్న. ఉప్పెక్కిన పొర కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

తీరం దగ్గరి బావుల్లో నీరు తోడటాన్ని తగ్గించడం, చెక్‌డ్యాములతో నీటిని ఇంకించడం ప్రధాన నివారణలు. మరో నీటి వనరుగా 2010లో మింజూరు సమీపంలోనే రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యం గల సముద్రపు నీటి నిర్లవణీకరణ ప్లాంటు ప్రారంభమైంది.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, ఉప్పదనానికి సూచికైన క్లోరైడ్ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు; వేరే నీటి వనరు లేకుంటే 1000.